దేవాలయముల వయస్సు చెప్పిన ఆచార్యుడు

వైశాఖమాసములో నూజివీడు ప్రాంతమునకు పోయినవారికి ఊరు కనబడకముందే మామిడిపండ్ల వాసన ఎదురువచ్చును. అట్టి ఒక తోటలో, పందిరి క్రింద గడ్డిపై పరచిన కాయలరాశి దగ్గర ఒక వృద్ధుడైన రైతుతో నేను కొంతసేపు కూర్చుంటిని. రసము, బంగినపల్లి, కలెక్టరు అన్నియు కలగలిసి పడియున్నవి. ఆయన వానిని చూచీచూడకుండగనే వేరుచేయుచుండెను. “పెద్దయ్యగారూ, కోసి చూడకుండా ఇంత రూఢిగా ఎలా చెబుతారు?” అని అడిగితిని. ఆయన నవ్వి, “కోయడమెందుకు బాబూ? ముక్కు చూస్తే జాతి చెప్పొచ్చు, తొడిమ చూస్తే చెట్టు దిగి ఎన్నాళ్ళయిందో చెప్పొచ్చు” అనెను. రసమునకు ముక్కు కలదు, బంగినపల్లికి లేదు, కలెక్టరునకు చిలుకముక్కు వంటి కొన కలదు. ఆ భేదములు తెలిసిన కంటికి కాయలరాశి ఒక తెరచిన పుస్తకమే.

పండునకు ముక్కు ఉన్నట్లే రాతి దేవాలయమునకును ఒక ముక్కు ఉన్నదనియు, దానిని చూచి ఆ గుడి ఏ శతాబ్దమునందు పుట్టినదో చెప్పవచ్చుననియు దక్షిణదేశమునకు శాస్త్రీయముగా నేర్పిన ఆచార్యుడు ఒకరు కలరు. ఆయన తెలుగువారు కారు, భారతీయులును కారు. పుదుచ్చేరిలోని ఫ్రెంచి కళాశాలలో అధ్యాపకులుగా నుండిన గాబ్రియేల్ జూవో దుబ్రై గారు. ఆయన జీవితకృషిలో మన కృష్ణాతీరమునకు గల భాగము చిన్నది కాదు. ఆ కృషివలన మనకు కలిగిన లాభమును, దానితోపాటు కలిగిన నష్టమును గూడ తెలిసికొనుట మంచిది.

జూవో దుబ్రై గారు 1885లో సైగాన్ నగరమునందు జన్మించిరి. అది నేటి వియత్నాములోనిది. నాడు ఫ్రెంచివారి పాలనలో నుండెను. ఉద్యోగరీత్యా పుదుచ్చేరి చేరిన పిదప ఆయన మనస్సు చుట్టుప్రక్కల దేవాలయములమీదికి పోయినది. సెలవుదినములలో ఊరూర తిరిగి స్తంభములను, చూరులను, విగ్రహములను చూచుచు, పటములు వ్రాసికొనుచు కొన్ని సంవత్సరములు గడిపిరి. ఆ శ్రమకు ఫలముగా 1914లో దక్షిణభారత పురావస్తువులను గూర్చి రెండు సంపుటముల గ్రంథము ఫ్రెంచిభాషలో వెలువడినది. మొదటి సంపుటము వాస్తువును, రెండవది మూర్తిశాస్త్రమును వివరించును. వాస్తుభాగము 1917లో ఎస్. కృష్ణస్వామి అయ్యంగారు గారి సంపాదకత్వమున ఇంగ్లీషులో ప్రకటితమైన తరువాత మనదేశములోని విద్యావంతులకు అందుబాటులోనికి వచ్చినది.

అంతకు పూర్వము ఈ విషయమున ఎవరును పనిచేయలేదని కాదు. జేమ్స్ ఫెర్గూసన్ 1876లోనే భారతీయ వాస్తుచరిత్రను వ్రాసి యుండెను. కాని దక్షిణదేశపు గుడులలో ఏది ముందు, ఏది వెనుక అను ప్రశ్నకు నమ్మదగిన సమాధానము దొరకుట అరుదుగా నుండెను. ఊరివారి నడిగినచో ప్రతి గుడియు త్రేతాయుగమునాటిదే. శాసనమున్న గుడి తన కాలమును తానే చెప్పుకొనును. శాసనము లేని గుడి మూగది. ఆ మూగగుడిని మాటలాడించుట ఎట్లు?

జూవో దుబ్రై గారు పట్టిన మార్గము సులభమైనది. కాని దానికి ఓర్పు కావలెను. మొదట శాసనమువలన కాలము నిశ్చయముగా తెలిసిన గుడులను ఏరి, పొలములో గట్టు రాళ్ళు పాతినట్లు వానిని వరుసగా నిలిపిరి. పిదప ఆ గుడులన్నిటియందును కనబడు ఒక్కొక్క అలంకారమును వేరుగా తీసికొని, అది ఒక శతాబ్దమునుండి మరియొక శతాబ్దమునకు ఎట్లు మారినదో పరిశీలించిరి. శిల్పి తన గురువు చెక్కినదానినే చెక్కుచున్నానని అనుకొనును. కాని చేయి కొంచెము జరుగును; వంపు కొంచెము పెరుగును. పది తరములు గడచునప్పటికి ఆ అలంకారము గుర్తుపట్టలేనంతగా మారిపోవును. మార్పు మెల్లగా, ఒకే దిక్కునకు జరుగుటవలన దాని మెట్లను లెక్కింపవచ్చును. మెట్టు తెలిసిన కాలమును తెలిసినట్లే.

ఈ పనిలో ఆయన గ్రంథములను మాత్రమే నమ్ముకొనలేదు. ఆనాడు బ్రతికియున్న స్థపతులను, అనగా గుడులు కట్టు శిల్పులను ఆశ్రయించి, ఒక్కొక్క అంగమును వారేమని పిలుతురో తెలిసికొనిరి. గ్రీకు, రోమను వాస్తువులకు చెందిన మాటలను తెచ్చి మన గుడులకు తగిలింపక, మన పనివారి మాటలతోనే మన గుడిని వర్ణించుట ఆయన శాస్త్రమునకు పునాది యయ్యెను. కళాచరిత్రను విశ్వవిద్యాలయములలో బోధించువారికి ఇది నేటికిని మంచి పాఠము.

ఆయన ఎన్నుకొన్న గుర్తులలో రెండింటిని మాత్రము చెప్పెదను. మీరు మీ ఊరి గుడిలో స్వయముగా చూడదగినవి ఇవి.

మొదటిది బోదిగ. స్తంభము తలమీద, పైదూలము క్రింద, రెండుచేతులు చాచినట్లుండు రాయి ఇది. పల్లవుల కాలములో దీని అడుగు గుండ్రముగా వంపుతిరిగి, అలలవంటి చారలతో నుండును. చోళుల కాలమునకు ఆ వంపు పోయి ఏటవాలుగా కోసినట్లగును. నడుమ ఒక చిన్న దిమ్మ ముందునకు పొడుచుకొని వచ్చును. తరువాతి శతాబ్దములలో ఆ దిమ్మకు అలంకారము మొదలై, విజయనగర కాలమునకు అది క్రిందికి వ్రేలాడు మొగ్గగా మారును. దానినే పుష్పబోదిగ యందురు. లేపాక్షి మండపములను చూచినవారికి ఇది సుపరిచితము. ఆపైన నాయకరాజుల కాలములో ఆ మొగ్గ మరింత బరువెక్కి అరటిపువ్వువలె సాగినది. ఈ విధముగా ఆయన ద్రావిడ వాస్తుచరిత్రను ఐదు ఘట్టములుగా విభజించిరి: పల్లవ కాలము, 850వరకు; చోళ కాలము, 1100వరకు; ఉత్తర చోళ, పాండ్య కాలము, 1350వరకు; విజయనగర కాలము, 1600వరకు; ఆ తరువాతది మధుర కాలము.

రెండవ గుర్తు గూడు. గుడి చూరుమీదను, విమానపు అంతస్తులమీదను గుఱ్ఱపులాడము ఆకారములో చిన్నచిన్న తోరణములు వరుసగా చెక్కబడియుండును. తమిళశిల్పులు దీనిని ‘కూడు’ అందురు; అది మన ‘గూడు’ అను మాటయే. పల్లవుల గూటిలో తరచుగా ఒక మనుష్యుని ముఖము తొంగిచూచుచుండును. గూటి కొన పారవలె వెడల్పుగా నుండును. చోళుల కాలమున ఆ కొనపైకి సింహముఖము ఎక్కినది. పారకొన యున్నదా, సింహముఖ మున్నదా అని చూచినంతమాత్రమున రెండు యుగములను వేరుచేయవచ్చును. రైతు మామిడికాయ ముక్కు చూచుట యిట్టిదే కదా!

ఈ గూడు ఎక్కడ పుట్టినదని వెదకినవారు మన సీమకే రావలెను. నూజివీడునకు ఈశాన్యముగా, కామవరపుకోట దాపున, జీలకర్రగూడెము దగ్గరి గుంటుపల్లి కొండలో ఒక గుండ్రని చైత్యగృహము తొలచబడి యున్నది. అది క్రీస్తుపూర్వము రెండవ, మొదటి శతాబ్దములకు చెందినదని పండితుల నిర్ణయము. లోపల చిన్న స్తూపము కలదు. తలయెత్తి చూచినచో పైకప్పున గొడుగు ఊచలవలె వాసములు కనబడును. కాని అవి కొయ్యవాసములు కావు, రాతిలో చెక్కినవి. కొయ్యతోను గడ్డితోను కట్టిన గుండ్రని పాకను చూచి, శిల్పి దానినే కొండలో మలచినాడు. ద్వారముపైనున్న కమానును ఆ పాకకప్పు ముందుభాగపు వంపే.

ఆ వంపు అచ్చట ఆగిపోలేదు. అమరావతి ఫలకములలో శిల్పులు చూపిన మేడల ముందును అది కనబడును. విజయవాడలోని మొగల్రాజపురము గుహల చూరుపైకి అది చిన్న గూళ్ళుగా దిగినది. మహాబలిపురపు ఏకశిలారథములపై వరుసలు తీరినది. అచ్చటి ద్రౌపదీరథము ఈనాటికిని పూరిపాక ఆకారములోనే నిలిచియున్నది. 1010లో పూర్తియైన తంజావూరు బృహదీశ్వరాలయ విమానముపై అదే గూడు అంతస్తులంతస్తులుగా ఎక్కినది. చివరకు మీ ఊరి గుడి గోపురముపై, సున్నముతో చేసి రంగులు పూసిన లాడముగా మిగిలియున్నది. ఒకనాటి కోయపాకయో, బౌద్ధభిక్షువుల పర్ణశాలయో రెండువేల యేండ్లు రాతిలో బ్రతికినదన్నమాట. అలంకారము ఎక్కడనుండి ఎక్కడకు నడచినదో చూపుటయే కళాచరిత్రకారుని పని. రాజుల యుద్ధములు చెప్పని సంగతులను ఈ నడక చెప్పును.

ఈ నడకను అనుసరించియే జూవో దుబ్రై గారు ఒక సాహసమైన ఊహ చేసిరి. తమిళదేశములో కొండను తొలచి గుడులు చేయించిన తొలి పల్లవరాజు మొదటి మహేంద్రవర్మ. ఆయన ఏడవ శతాబ్దపు ఆరంభమున నుండెను. మండగపట్టు గుహలోని శాసనమున ఆయన ఇటుక, కొయ్య, లోహము, సున్నము లేకుండ బ్రహ్మ, ఈశ్వర, విష్ణువులకు ఆలయము నిర్మించితినని గర్వముతో చెప్పుకొన్నాడు. ఈ విద్య ఆయనకు ఎక్కడనుండి వచ్చినది? కృష్ణాతీరమునుండి యని దుబ్రై గారి సమాధానము. ఉండవల్లి, మొగల్రాజపురము గుహలు విష్ణుకుండినుల కాలపువనియు, మహేంద్రవర్మకు ఈ సీమతో సంబంధ ముండెననియు, ఇచ్చట చూచినదానినే ఆయన కాంచీమండలములో చేయించెననియు వారి వాదము. మహేంద్రవర్మ శాసనములలో తెలుగు బిరుదులు కనబడుట దానికి బలము చేకూర్చినది.

ఇది విని తెలుగువారు వెంటనే మీసము దువ్వరాదు. తరువాతి పరిశోధకులలో కొందరు ఉండవల్లి, మొగల్రాజపురము గుహలు అంత పూర్వమువి కావనియు, తూర్పుచాళుక్యుల నాటివనియు తలచిరి. అట్లయినచో ఋణము తారుమారగును. ఈ వివాదము పూర్తిగా తేలలేదు. కాని ఒక సంగతి మాత్రము నిలిచినది. తమిళ, ఆంధ్ర శిల్పములను వేరువేరు గదులలో పెట్టి తలుపులు వేయుట కాదనియు, కృష్ణ, పాలారు, కావేరి నదులను ఒక్క దారమున గ్రుచ్చి చూడవలెననియు చూపినవారిలో ఆయన ముందువరుసలోనివారు.

1920లో ఆయన వ్రాసిన ప్రాచీన దక్కను చరిత్ర పుదుచ్చేరిలో ఇంగ్లీషున ప్రకటితమైనది. అందులోని ఒక ఘట్టము మనకు మరింత దగ్గరిది. గుప్తచక్రవర్తి యగు సముద్రగుప్తుని దక్షిణ దండయాత్రను అలహాబాదు స్తంభశాసనము వర్ణించును. ఓడిన రాజులలో వేంగి ప్రభువైన హస్తివర్మ పేరు కలదు. ఆ వేంగియే ఏలూరు దగ్గరి పెదవేగి. పూర్వపండితులు ఎరండపల్లమును ఖాందేశములోను, దేవరాష్ట్రమును మహారాష్ట్రములోను వెదకి, సముద్రగుప్తుడు దక్షిణాపథమంతయు చుట్టి పడమటి దారిని తిరిగిపోయెనని వ్రాసిరి. దుబ్రై గారు సిద్ధాంతము తామ్రశాసనమును సాక్ష్యముగా తెచ్చి ఎరండపల్లము శ్రీకాకుళ ప్రాంతములోనిదనిరి. దేవరాష్ట్రము విశాఖపట్టణ మండలమున యలమంచిలి సీమ యనిరి. అనగా ఆ దండయాత్ర తూర్పుతీరము దాటలేదు. అంతేకాదు, తూర్పుతీర రాజులు కలిసికట్టుగా ఎదిరించుటచే చక్రవర్తి వెనుదిరిగెనని గూడ ఆయన భావించిరి. ఈ చివరి మాటను అందరును ఒప్పుకొనలేదు. కాని స్థలములను గూర్చిన నిర్ణయమును తరువాతి చరిత్రకారులు పలువురు అంగీకరించిరి. ఒక్క ఊరిపేరు సరిగా గుర్తింపబడినచో దేశపటమే మారిపోవుట యిట్లుండును.

ఆయన తప్పులు చేయలేదని కాదు. పుదుక్కోట సీమలోని సిత్తన్నవాసల్ గుహలో వర్ణచిత్రములను టి. ఏ. గోపీనాథరావు గారితోపాటు లోకమునకు తెలియజేసినపుడు, అవి మహేంద్రవర్మ నాటివని నమ్మిరి. తరువాత అచ్చటనే దొరకిన శాసనమువలన తొమ్మిదవ శతాబ్దమున, పాండ్యుల కాలములో ఆ గుహ పునరుద్ధరింపబడెనని తేలినది. శైలిని చూచి చెప్పిన కాలమును శాసనము దిద్దినదన్నమాట. దీనివలన ఆయన పద్ధతి వ్యర్థమని కాదు. శైలియు శాసనమును ఎడ్లజతవలె కలిసి నడువవలెనని తెలియుచున్నది. 1931లో కంచి కైలాసనాథాలయపు గూళ్ళలో సున్నము పొరల క్రింద దాగియున్న పల్లవ చిత్రముల ఆనవాళ్ళను వెలికి తెచ్చినదియు ఆయనయే. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో రోమను వర్తకుల జాడలను 1937 ప్రాంతమున పసిగట్టినవారిలోను ఆయన ముఖ్యులు. 1945లో వీలర్ అచ్చట త్రవ్వకములు జరిపిన సంవత్సరముననే ఆచార్యుడు మరణించిరి.

ఇంతవరకు చెప్పినది లాభము. ఇక నష్టమును చెప్పవలెను.

1926లో జూవో దుబ్రై గారు పల్నాటిలోని గోలి గ్రామమున బౌద్ధస్తూప శిథిలములను వెలికితీసిరి. బుద్ధుని జీవితఘట్టములు, విశ్వంతరుడు సర్వమును దానము చేసిన జాతకకథ అందు చెక్కబడియున్నవి. ఆ ఫలకములు చాలభాగము మదరాసు మ్యూజియమునకు చేరినవి, 1929లో టి. ఎన్. రామచంద్రన్ గారు వానిపై వివరమైన గ్రంథము ప్రకటించిరి. నేడును చెన్నైలో వానిని చూడవచ్చును. ఇది సంతోషింపదగిన విషయము.

అదే సంవత్సరమున కంచి పరిసరములలో ఆయన కంటబడిన యోగినీ విగ్రహముల గతి మరొక విధమైనది. సుమారు పదవ శతాబ్దమునాటి ఆ దేవతలు ఒకే ఆలయమునకు చెందిన అక్కచెల్లెండ్రు. పారిస్ నగరపు పురావస్తు వర్తకుడు సి. టి. లూ ద్వారా వారిలో అధికసంఖ్యాకులు సముద్రము దాటిరి. ఒకరు పారిస్ గిమే మ్యూజియములో, ఒకరు లండనులో, మరికొందరు అమెరికా నగరములలో, ఒకరు కెనడాదేశపు టొరాంటోలోని రాయల్ అంటారియో మ్యూజియములో నిలిచియున్నారు. పద్మా కైమల్ అను ఆచార్యురాలు 2012లో ప్రకటించిన గ్రంథములో ఈ చెదరిన దేవతల ప్రయాణమును ఓర్పుతో వెదకి వ్రాసిరి. ఆ దేవతలు కూర్చున్న గుడి రూపమేమి, ఎవరి ప్రక్కన ఎవరుండిరి అను ప్రశ్నలకు నేడు ఊహలే సమాధానములు. పుట నుండి చింపిన అక్షరములు ఒక్కొక్కటి అందముగా నుండవచ్చును. వాక్యము మాత్రము పోయినది.

ఏ ఆచార్యుడు శిల్పమును దాని చోటులో, దాని వరుసలో చూడవలెనని మనకు నేర్పెనో, ఆ ఆచార్యునిచేతనే కొన్ని శిల్పములు చోటు తప్పినవి. నాటివారికి ఇది అంత తప్పుగా తోచి యుండకపోవచ్చును. అడవిలో పడియుండుటకంటె అద్దాలగదిలో నుండుట మేలని ఆనాడు పలువురు తలచిరి. పురావస్తువుల ఎగుమతిని నియంత్రించు శాసనము 1947లో గాని రాలేదు. 1972లో మరింత గట్టి చట్టము చేయబడినది. ఆయనను దోషిగా నిలుపుటకు నేను ఇది చెప్పుట లేదు. చదువుట తెలిసినంత మాత్రమున కాపాడుట తెలియునని అనుకొనరాదని మాత్రము చెప్పుచున్నాను. ఇది ఆయనకే కాదు, మనకును వర్తించును.

ఏలయనగా మన ఊళ్ళలో శిల్పము నేడు సముద్రము దాటి పోవుటకంటె, మన ప్రేమచేతనే ఎక్కువగా నశించుచున్నది. జీర్ణోద్ధరణ యని పాతస్తంభములు పెరికి గట్టు ప్రక్కన పారవేయుదురు. నున్నగా మెరయవలెనని రంగులు పూయుదురు. ఆ రంగు క్రింద గూటిలోని ముఖము, బోదిగ వంపు, ఒక్కొక్కసారి శాసనపు అక్షరములును కప్పబడిపోవును. దాతల సొమ్ము, భక్తుల శ్రద్ధ రెండును మంచివే. కాని ఒకరోజు ఆగి తెలిసినవారి నడిగినచో వేయి సంవత్సరముల సాక్ష్యము మిగులును.

ఒక హెచ్చరిక గూడ అవసరము. దుబ్రై గారి కొలబద్ద తమిళదేశపు గుడులపై తయారైనది. తూర్పుచాళుక్యుల, కాకతీయుల శిల్పమునకు తమదైన నడక కలదు. కనుక బోదిగను చూచి వెంటనే సంవత్సరము చెప్పుట తగదు. పాతస్తంభమును తెచ్చి క్రొత్తమండపములో నిలుపుటయు కలదు. ఒక గుర్తు కాక, నాలుగు గుర్తులు ఒకే మాట చెప్పినపుడే నమ్మవలెను. తోటలోని వృద్ధుడును ముక్కు చూచి, తొడిమ చూచి, చేతిలో బరువు చూచిన పిదపనే కాయను ప్రక్కన పెట్టుచుండెను.

కావున ఈసారి మీ ఊరి గుడికి పోయినపుడు, గంట కొట్టి లోనికి అడుగిడుటకు ముందు ఒక్కక్షణము తలయెత్తి చూడుడు. స్తంభముపై బోదిగ గుండ్రముగా నున్నదా, మొగ్గగా వ్రేలాడుచున్నదా? చూరుపైని గూటికొన ఎట్లున్నది? మీ పిల్లలచేత దాని బొమ్మ వ్రాయింపుడు. పొలములోగాని, తోటలోగాని చెక్కినరాయి బయటపడినచో కదలింపక, అది దొరకిన చోటును గుర్తుంచుకొని అధికారులకు తెలుపుడు. రాయి విలువ రాతిలో సగమే. తక్కిన సగము అది పడియున్న చోటులో నున్నది. నూజివీడు అంటును ఎక్కడికి తీసికొనిపోయినను మరల నాటవచ్చును. చోటు తప్పిన శిల్పమును మాత్రము అట్లు నాటుట ఎవరివలనను కాదు.